ఏ నెలలో ఎక్కడికి? తెలుగు రాష్ట్రాల్లో వాతావరణం చూసుకుని ప్రయాణం ఖరారు చేసుకునే విధానం

"డిసెంబరులో ఆంధ్ర, తెలంగాణ వైపు వాతావరణం ఎలా ఉంటుంది?" అని సెలవులకు వచ్చే ప్రవాస తెలుగువారు, ఇతర రాష్ట్రాల మిత్రులు తరచుగా అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. డిసెంబరు రెండో వారంలో ఒకే ఉదయాన లంబసింగిలో చలిమంట చుట్టూ చేరినవారు, నెల్లూరులో గొడుగు ముడవలేనివారు, విజయవాడలో ఫ్యాను వేసుకుని కూర్చున్నవారు కనిపిస్తారు.

అందువల్ల నెల పేరు చూసి ఊరు ఎంచుకోవడం సరైన పద్ధతి కాదు. ఆ ఊరికి ఏ కాలపు వాన పడుతుంది, అది ఎంత ఎత్తున ఉంది, అక్కడ పారే నీరు ఎక్కడి నుంచి వస్తుంది అన్న మూడు సంగతులు తేల్చుకున్న తరువాతే తేదీకి రావాలి. ఈ మూడింటినీ ఎలా తేల్చుకోవాలో కింది అంశాల్లో ఉంది.

## 1. ముందుగా మీరు వెళ్ళే చోటు ఏ వాన కిందికి వస్తుందో తేల్చుకోండి

తెలుగు నేలకు రెండు రుతుపవనాలు వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యం. రెండూ అందరికీ సమానంగా పంచవు.

- తెలంగాణ: ఏడాది వానలో అత్యధిక భాగం నైరుతిదే. ఆదిలాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం వైపు ఎక్కువగా, మహబూబ్‌నగర్ వైపు తక్కువగా కురుస్తుంది. నవంబరు వచ్చేసరికి ఆకాశం చాలావరకు తేటపడుతుంది.
- ఉత్తరాంధ్ర, మన్యం: నైరుతి వాన సమృద్ధిగా పడుతుంది. దానిపైన అక్టోబరులో బంగాళాఖాతం నుంచి వచ్చే వాయుగుండాలు, తుపానులు తోడవుతాయి.
- నెల్లూరు, తిరుపతి ప్రాంతం: ఇక్కడ లెక్క తలకిందులు. అసలు వాన అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు పడుతుంది. ఆగస్టులో నెల్లూరులో ఎండ కాస్తుంటే ఆశ్చర్యపోనక్కరలేదు.
- రాయలసీమ: పడమటి కనుమల వెనుక వాననీడలో ఉంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అందులో ముఖ్యభాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది.

దీని తరువాత ఎత్తు చూడాలి. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అరకు, లంబసింగి 900 నుంచి 1000 మీటర్ల ఎత్తున, తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తున, హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైగా ఉన్నాయి. కింద ఊరి ఉష్ణోగ్రత చూసి పైకి బట్టలు సర్దుకుంటే ఇబ్బంది పడేది అక్కడే.

## 2. ఏడాదిని నెలలుగా కాక అయిదు భాగాలుగా చూడండి

జనవరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. రెండు రాష్ట్రాల్లో ఎక్కడికైనా వెళ్ళదగిన కాలం ఇదే. పగలు హాయిగా ఉంటుంది, వాన అరుదు. పులికాట్, నేలపట్టు పక్షుల కోసం వెళ్ళేవారికి కూడా ఇదే అదును. సంక్రాంతి వారంలో వాతావరణం కంటే రహదారి రద్దీ పెద్ద సమస్య.

ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి వరకు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అనే మాట చాలా ఏళ్ళు నిజమే అవుతుంది. గండికోట, బేలం గుహల వంటి సీమ స్థలాలను మార్చి మొదటి వారంలోపే చూసుకోవాలి. బేలం లోపల గాలి ఆడక ఉక్కగా ఉంటుంది కనుక బయట ఎండ ముదరకముందే వెళ్ళడం మేలు.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం వరకు ఉండే ఎండ గురించే. పల్నాడులోని రెంటచింతల, ఖమ్మం, రామగుండం, భద్రాచలం వంటి చోట్ల 44, 45 డిగ్రీలు కొత్త కాదు. విశాఖలో అంకె 35, 36 దగ్గరే కనిపించినా, చెమట ఆరని ఉక్కపోత వల్ల హైదరాబాద్ 41 డిగ్రీల కంటే ఎక్కువ అలసట కలగవచ్చు. తీరంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మళ్ళితే ఉపశమనం దొరుకుతుంది. పడమటి వేడిగాలి బలంగా వీచి దాన్ని అడ్డుకున్న రోజు మాత్రం విశాఖలో కూడా 40 దాటుతుంది.

ఈ కాలంలో వాన లేదనుకోవడం పొరపాటు. పగలంతా మండిన తరువాత మధ్యాహ్నం 3 నుంచి రాత్రి వరకు ఉరుములు, ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్ళతో గాలివాన దిగుతుంది. అది అరగంట, గంటలో తేలిపోతుంది కానీ చెట్లు, హోర్డింగులు కూలేది ఆ అరగంటలోనే.

జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు వరకు. మృగశిర కార్తె మొదలయ్యే రోజులకు నైరుతి సాధారణంగా తెలుగు రాష్ట్రాల్లోకి వస్తుంది. అయితే అది రోజూ కురవదు. బంగాళాఖాతం ఉత్తర భాగంలో అల్పపీడనం ఏర్పడితే తెలంగాణలో రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. ఆ తరువాత వారం, పది రోజులు తెరిపి ఇవ్వవచ్చు. రుతుపవన ద్రోణి (వానలు తెచ్చే అల్పపీడన పట్టీ) హిమాలయాల పాదాల వైపు జరిగిన రోజుల్లో తెలంగాణలో వాన తగ్గి, రాయలసీమలో సాయంత్రపు జల్లులు పెరుగుతాయి. అంటే ముసురు పట్టి తెలంగాణలో జలపాతాల ప్రయాణం దెబ్బతిన్న వారంలోనూ, ముసురు లేని వారంలోనూ మీకు వేర్వేరు అవకాశాలు ఉంటాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఒకవైపు తుపానులు, మరోవైపు ఏడాదిలోకెల్లా అందమైన ఉదయాలు. అరకు పొలాల్లో వలిసె పూలు పసుపు పరిచేది నవంబరు, డిసెంబరు నెలల్లోనే. అక్టోబరు రెండో వారం తీరానికి కాస్త అనుమానాస్పదమైన కాలమని నా అభిప్రాయం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, తిత్లీ శ్రీకాకుళం జిల్లాను తాకింది 2018 అక్టోబరు 11న. డిసెంబరు కూడా పూర్తిగా నిశ్చింత కాదు. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.

## 3. తేదీని ఈ వరుసలో ఖరారు చేయండి

1. మీకు కావలసినది ఒక్క మాటలో రాసుకోండి: జలపాతం, పొగమంచు, సముద్రం, గుడి, పక్షులు. "అన్నీ" అని రాస్తే ఏదీ సరిగా దొరకదు.
2. ఆ కోరికకు తగిన చోటును, కాలాన్ని జతచేయండి. ఆదిలాబాద్ వైపు కుంటాల, ములుగు వైపు బొగత జలపాతాలకు ఆగస్టు నుంచి అక్టోబరు మొదటి వారం వరకు బాగుంటుంది. తలకోనకు నవంబరు, డిసెంబరు నెలలు మేలు. కారణం మొదటి అంశంలోనే ఉంది.
3. రైలు టిక్కెట్లు ముందుగా తీసుకోక తప్పదు. బసను మాత్రం చివరి రెండు రోజుల వరకు ఉచితంగా రద్దు చేసుకోగలిగే విధంగా తీసుకోండి.
4. వానాకాలంలో, తుపాను కాలంలో తిరుగు ప్రయాణానికి, విమానానికి మధ్య కనీసం ఒక ఖాళీ రోజు ఉంచండి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం సమీపంలో రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయినప్పుడు విజయవాడ, హైదరాబాద్ మధ్య రైళ్ళు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి. అదే రోజుల్లో రహదారి కూడా వరదనీటిలో చిక్కుకుంది.
5. అయిదు రోజుల ముందు నుంచి రోజుకు ఒకసారి, ముందురోజు రెండుసార్లు వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. పది రోజుల ముందు ఫోన్‌లో కనిపించే మేఘం బొమ్మను బట్టి ప్రయాణం రద్దు చేసుకోవద్దు.

పంచాంగం చూసే అలవాటున్నవారికి ఒక చిట్కా. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని రైతులు అనేవారు. సెప్టెంబరు రెండో పక్షంలో ఉత్తర కార్తె వానను చూసి ఊళ్ళో ఉండాలో వలసపోవాలో తేల్చుకునేవారు. ప్రయాణికుడు కూడా అప్పటికి చెరువులు, జలాశయాలు ఎంత నిండాయో గమనిస్తే, ఆ ఏడాది తెలంగాణ జలపాతాలు దసరా దాకా నిలుస్తాయో లేదో అంచనా వేసుకోవచ్చు.

## 4. వాతావరణ బులెటిన్‌ను మాటకు మాట చదవండి

చాలామంది బులెటిన్‌లో "భారీ వర్షం" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఆ మాటకు ముందూ వెనుకా ఉన్న పదాలే ప్రయాణికుడికి ముఖ్యం.

ఎన్ని చోట్ల? "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించవని అర్థం. "కొన్ని చోట్ల" అంటే సగం లోపు, "అనేక చోట్ల" అంటే సగానికి పైన ముప్పాతిక లోపు. "దాదాపు అన్ని చోట్ల" అంటే తప్పించుకునే వీలు లేదు. "ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అన్న రోజున మీ ఊళ్ళో చినుకు పడకపోతే శాఖ అంచనా తప్పినట్లు కాదు.

ఎంత? 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లయితే భారీ వర్షం, 204.4 వరకు అతి భారీ, దానికి మించితే అత్యంత భారీ వర్షం. పత్రికల్లో సెంటీమీటర్లలో వస్తుంది కనుక 7, 12, 21 అన్న మూడు అంకెలు గుర్తుంచుకుంటే సరిపోతుంది.

ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? వాతావరణ శాఖకు వాన రోజు ఉదయం 8:30తో ముగుస్తుంది. 20వ తేదీన నమోదైన వాన అంటే 19వ తేదీ ఉదయం 8:30 నుంచి 20వ తేదీ ఉదయం 8:30 వరకు కురిసినది. "నిన్న అంత వాన పడిందట" అని బెంగపడే ముందు, అది మొన్న రాత్రిదో నిన్న పగటిదో చూసుకోవాలి. వాగు తగ్గడానికి ఎంత సమయం దొరికిందో దానివల్లే తెలుస్తుంది.

రంగు ఏమిటి? ఆకుపచ్చకు చేయవలసినది ఏమీ లేదు. పసుపు అయితే గమనిస్తూ ఉండాలి. నారింజ అయితే ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకోవాలి; కొండదారి, వాగుదాటే దారి ఉన్న ప్రయాణాన్ని నేను ఈ దశలోనే వాయిదా వేస్తాను. ఎరుపు అయితే ఉన్నచోటే ఉండాలి.

సముద్రంలో ఏ దశ? అల్పపీడనం, తీవ్ర అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అన్నది బలపడే వరుస. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కు చేరితే తుపాను, 89కి చేరితే తీవ్ర తుపాను. వాయుగుండం అన్న మాట వినిపించి, అది మన తీరం వైపు వస్తోందని చెబితే తీరప్రాంత ప్రయాణం మార్చుకోవడానికి అదే సమయం. తుపాను అన్న మాట వచ్చేదాకా ఆగితే అప్పటికే రైళ్ళ రద్దు మొదలై, ఉన్న బస్సుల్లో సీట్లు దొరకవు.

వడగాలి ఎప్పుడు? మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటారు. తీరంలో 37 నుంచే ఈ లెక్క మొదలవుతుంది. 45 దాటితే ఎక్కడైనా వడగాలే.

పొగమంచు కోసం లంబసింగి, వంజంగి వెళ్ళేవారు తప్పక చూడవలసినది మరొకటి ఉంది. లోయలో మంచు నిండాలంటే రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి నిలిచిపోవాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్న వారంలో మబ్బులు దుప్పటిలా కప్పి రాత్రి చలిని తగ్గిస్తాయి. డిసెంబరే అయినా ఆ వారం కొండ ఎక్కినవారికి తెల్లని మేఘసముద్రానికి బదులు బూడిదరంగు ఆకాశమే కనిపిస్తుంది.

## 5. ఆకాశం కాదు, ఎగువ నీరు చూడండి

ఈ అంశాన్ని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక ఆగస్టులో పాపికొండల పడవ ప్రయాణానికి కుటుంబంతో రాజమహేంద్రవరం చేరాను. ఆ రోజు చినుకు లేదు, ఎండ మాడ్చేస్తోంది. రేవుకు వెళ్ళేసరికి పడవలన్నీ తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. మెట్లలో నాలుగు నీళ్ళలో మునిగి ఉండగా, ఎర్రటి నీటిమీద ఒక మోడు వేళ్ళతో సహా గిరగిర తిరుగుతూ వెళ్ళింది. మా పిల్లలు ఆ మోడును చూస్తూ నిలబడ్డారు. బస అద్దె తిరిగి రాలేదు.

గోదావరికి ఆ నీరు రాజమహేంద్రవరం వానతో రాదు. మహారాష్ట్ర నుంచి ప్రాణహిత, ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి, ఒడిశా వైపు నుంచి శబరి తెస్తాయి. కనుక చూడవలసినది భద్రాచలం నీటిమట్టం. అక్కడ 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. మట్టం 43 కంటే తక్కువగా ఉన్నా, రోజురోజుకూ పెరుగుతోందంటే పడవ ప్రయాణం మానుకోవడమే మంచిది. నిర్వాహకులు పడవ వేస్తామన్నా అధికారుల అనుమతి ఉందో లేదో విడిగా అడిగి తెలుసుకోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగింది వరద పారుతున్న గోదావరిలోనే.

కృష్ణకు ఇదే సూత్రం మనకు అనుకూలంగా పనిచేస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తడం చూడాలనుకుంటే హైదరాబాద్ వాన చూసి లాభం లేదు. పడమటి కనుమల్లో వాన పడి, ఆలమట్టి, జూరాల నుంచి వరద వదిలితేనే నీరు వస్తుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు లోపు, ముందు శ్రీశైలం, తరువాత సాగర్ నిండుతాయి.

చిన్న వాగులకు బులెటిన్ ఉండదు. జలపాతాలకు భారీ వాన పడిన రోజున, మరునాడు వెళ్ళకండి. మూడు నాలుగు రోజులు తెరిపి ఇచ్చాక వెళితే నీరు తేటపడుతుంది, ప్రవేశం మూసివేయకుండా ఉంటుంది.

## 6. సామాను సర్దుకునే జాబితా

ఎండాకాలం
- పలుచని నూలు బట్టలు, తలకు తువ్వాలు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు పట్టే సీసా
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు
- గుడికి వెళితే చేతిసంచిలో ఒక జత సాక్సులు. కాలే బండలమీద చెప్పులు లేకుండా నడవాలి. సాక్సులను అనుమతించని చోట పరచిన పట్టాల మీదుగా నడవండి.

వానాకాలం
- గొడుగు కాదు, రెయిన్‌కోటు. గాలివానలో, జలపాతం దగ్గర గొడుగు పనికిరాదు
- పట్టు ఉన్న అడుగుతో చెప్పులు. నాచు పట్టిన రాయి మీద కొత్త బూట్లు కూడా జారుతాయి
- ఫోనుకు, మందులకు జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచి
- దోమల మందు, కొంత నగదు. కరెంటు పోతే మన్యంలో ఫోను చెల్లింపులు నడవవు

చలికాలం, కొండప్రాంతం
- ఒక మందపాటి స్వెట్టరు కంటే రెండు పలుచని పొరలు మేలు. తెల్లవారుజామున వేసుకుని పదింటికి తీసేయవచ్చు
- మంకీ క్యాపు, చేతి తొడుగులు. లంబసింగి ఘాట్‌లో తెల్లవారుజామున బైకు నడిపితే, హెల్మెట్ అద్దంమీద మంచు చుక్కలు కట్టి దారి కనిపించదు. అద్దం ఎత్తితే కళ్ళలో నీళ్ళు కారతాయి. వేళ్ళు బిగుసుకుని బ్రేకు మీద పట్టు తప్పుతుంది. కొత్తవారు అక్కడికి జీపులో వెళ్ళడం మంచిది.

## 7. బయలుదేరిన తరువాత పాటించవలసినవి

వేసవిలో చూడవలసినవి ఉదయం 10:30 లోపు ముగించి, మళ్ళీ 4:30 తరువాతే బయటికి రావాలి. మధ్యలో భోజనం, నిద్ర, లేదా ఏసీ బస్సులో ప్రయాణం పెట్టుకోండి.

మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టండి. 30 సెకన్లలోపు వినిపిస్తే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపే ఉంది. చెట్టు కింద, ముఖ్యంగా ఒంటరి తాటిచెట్టు కింద నిలబడకుండా పక్కా భవనంలోకి గానీ మూసి ఉన్న కారులోకి గానీ వెళ్ళండి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగండి. ఫోనులో "దామిని" యాప్ ఉంటే చుట్టుపక్కల పిడుగులు పడే అవకాశాన్ని చూపుతుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే నల్లమల దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. వానలో ప్రయాణం ఆలస్యమవుతుంది కనుక, సాయంత్రం 6 కల్లా మన్ననూరు దాటేలా బయలుదేరండి.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

రాష్ట్రం మొత్తానికి ఒకే సూచన చదవడం. ఆంధ్రప్రదేశ్‌కు వాతావరణ శాఖ ఉత్తర కోస్తా, దక్షిణ కోస్తా, రాయలసీమ అని విడివిడిగా చెబుతుంది. మీ జిల్లా పేరు కనిపించేదాకా చదవండి.

వాన ఆగగానే వాగు దాటడం. లోలెవల్ వంతెన మీద నీరు ఆరంగుళాలే ఉన్నట్లు కనిపించినా, కింద రోడ్డు కోసుకుపోయి ఉండవచ్చు. ముందు వెళ్ళిన లారీని చూసి కారు దింపవద్దు. రెండు మూడు గంటలు ఆగితే చిన్న వాగులు చాలావరకు తగ్గుతాయి. తగ్గకపోతే చుట్టుదారి అడగండి. ఎవరైనా చిక్కుకుంటే 112కు ఫోను చేయండి.

తిరుమలకు నవంబరులో వేసవి సామానుతో వెళ్ళడం. కింద తిరుపతిలో ఉక్కగా ఉన్నా పైన వాన, మంచు, చల్లగాలి కలిసి ఉంటాయి. పిల్లలకు, పెద్దలకు తడిస్తే మార్చుకోవడానికి రెండు జతలు అదనంగా ఉంచండి. భారీ వాన రోజుల్లో నడకదారి, ఘాట్ రోడ్డు మూసివేసే అవకాశం ఉంటుంది కనుక అలిపిరిలోనే విచారించి ముందుకు సాగండి.

వాన లేదు కనుక సముద్రం ప్రశాంతంగా ఉందనుకోవడం. దూరంలో ఉన్న వాయుగుండం కూడా అలలను పెంచుతుంది. మత్స్యకారులు వేటకు వెళ్ళకుండా పడవలను ఇసుక మీదికి లాగి ఉంచారంటే స్నానానికి దిగకండి.

చలికాలంలో చీకటితోనే కారు తీయడం. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్–విజయవాడ రహదారిపై పొగమంచు తెల్లవారుజామున దట్టంగా ఉంటుంది, ఆగి ఉన్న లారీ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. ఉదయం ఎనిమిది దాటాక బయలుదేరండి. దారిలో మంచు కమ్మితే హైబీమ్ ఆపి లోబీమ్ వేసుకోండి. రోడ్డు పక్కన ఆపకుండా పెట్రోలు బంకు లోపలికి వెళ్ళి ఆగండి.